తలుపు మారిన జవాబులు

కంప్యూటర్ల లోపలి మర్మం నాకు తెలిసినంతగా తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. కాబట్టి మా పక్కింటి కోడలి కథ చెప్పే హక్కు నాదే.

ఆమె ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది. పార్సెళ్ళు చేరవేసే ఒక సంస్థకి, మన పార్సెల్ ఎంతదాకా వచ్చిందో ఫోన్‌లో చూసుకునే ఏర్పాటు తయారుచేస్తోంది. ఫోన్ ప్రశ్న అడగాలి, దూరాన ఉన్న సర్వర్ జవాబు చెప్పాలి. చిక్కల్లా ఏమిటంటే ఆ సర్వర్ ఇంకా పుట్టలేదు. దాన్ని కట్టే జట్టువాళ్ళని ఎప్పుడడిగినా "అయిపోవచ్చిందండీ" అంటారు. చూసి చూసి విసిగిపోయి, ఆమె తన ల్యాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి సర్వర్ పెట్టుకుంది. దానికి పెద్ద తెలివేం లేదు. ప్రశ్నలో "ఎక్కడ" అని ఉంటే "లారీ ఎక్కింది, ఎల్లుండికి అందుతుంది" అంటుంది. తెలియనిది ఏదడిగినా "ఈ చిరునామాకు మా సేవలు లేవు" అంటుంది. అసలుది వచ్చేదాకా దానితో పని గడిచిపోతుంది.

అది అలా పలకడం మొదలెట్టిందో లేదో, పక్కగదిలోంచి భర్త కేక.

"ఏమోయ్, నా నీలం చొక్కా ఎక్కడ?"

"బీరువాలో రెండో అరలో. తలుపు తీసి చూడండి."

"అమ్మాయ్, నా మాత్రలెక్కడ పెట్టావే?" అత్తగారు.

అవీ బీరువాలో రెండో అరలోనే. ఆ ఇంట్లో కనబడకుండా పోయిన వస్తువులన్నీ అక్కడే కాపురం చేస్తాయి. అడిగేవాళ్ళూ వాళ్ళే, అడిగేదీ అదే, చెప్పేదీ అదే. ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. నవ్వుకుని, రెండో ఉత్తుత్తి సర్వర్ మొదలుపెట్టింది. ఇది ఇంటికి. "ఎక్కడ" అంటే "బీరువాలో రెండో అరలో, తలుపు తీసి చూడండి". తెలియనిది ఏదడిగినా "వస్తున్నానండీ, కుక్కర్ దించి వస్తా".

"ఆఫీసు వేళలో కేకలెయ్యకండి. ఇందులో అడగండి, చెబుతాను" అని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టి ఇచ్చింది.

ఇల్లు సద్దుమణిగింది. భర్త ఎవరో స్నేహితుడితో గొప్పలు పోతున్నాడు: "మా ఆవిడ ఎంత పనిలో ఉన్నా అడగ్గానే జవాబిస్తుందిరా. ఈ మధ్య విసుక్కోవడం కూడా మానేసింది." గోడవతల అది విని ఆమెకి మొదట కడుపుబ్బ నవ్వొచ్చింది. తర్వాత వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. రెండు వాక్యాలు. ఇన్నేళ్ళ కాపురంలో తాను మాట్లాడిందంతా రెండు వాక్యాల్లో పట్టేసింది, పైగా మనిషి కన్నా అదే నయమనిపించుకుంది. వస్తానన్న మనిషి రాకపోయినా ఎవరూ వచ్చి చూడలేదు. కుక్కర్ దించడానికి ఇంతసేపా అని కూడా అడగలేదు.

ఇంతలో ఆ పార్సెళ్ళ సంస్థవాళ్ళకి పని చూపించే రోజు వచ్చింది, అసలు సర్వర్ మాత్రం రాలేదు. ఆ రోజు ఎవరు మెప్పిస్తే ఇకపై ఆ పనికి వాళ్ళే పెద్ద. మేనేజరు ముందే ఫోన్ చేశాడు.

"చూడమ్మా, కష్టమంతా నీదే, కాదనను. కానీ మాట్లాడేది మన గంటగొంతు. నువ్వు తెర చూపిస్తూ ఉండు, చాలు. నీ వెనకాల గిన్నెల చప్పుడు వినిపిస్తే బాగుండదు కదా?"

గంటగొంతు అంటే ఆమె తోటి ఉద్యోగి. గొంతు తప్ప ఆ పనిలో అతను పెట్టింది ఏమీ లేదు. "అలాగేనండీ" అంది. ఆ మాటకి సర్వర్ అక్కర్లేదు, దానంతటదే వచ్చేస్తుంది.

ఒక కంప్యూటర్‌కి బోలెడు తలుపులుంటాయి, ఒక్కో తలుపుకి ఒక్కో అంకె. ఆఫీసు జవాబులు ఒక తలుపు దగ్గర, ఇంటి జవాబులు ఇంకో తలుపు దగ్గర నిలబెట్టాలి. (ఇదంతా ఆమె చెప్పగా విన్నదే లెండి. నాకు ఆ పెట్టె మూత ఎటువైపు తెరుచుకుంటుందో కూడా తెలియదు.) ఆ పొద్దున ఆమె రెండింటినీ మళ్ళీ మొదలుపెడుతుంటే, అత్తగారు గుమ్మంలో నిలబడి పనిమనిషి మీద ఫిర్యాదులన్నీ ఏకరువు పెట్టింది. ఊ కొడుతూ కొడుతూ ఆమె అంకెలు తారుమారు చేసేసింది.

సమావేశం మొదలైంది. గంటగొంతు గంభీరంగా అన్నాడు: "ఇప్పుడు వినియోగదారుడు తన పార్సెల్ ఎక్కడుందో అడుగుతాడు."

తెర మీద జవాబు పడింది: "బీరువాలో రెండో అరలో. తలుపు తీసి చూడండి."

గంటగొంతు దగ్గడం మొదలుపెట్టాడు. మేనేజరు కంగారుగా, "ఇంకోటి చూపించమ్మా, సరుకు వాపసు ఇవ్వాలంటే?" అన్నాడు.

"వస్తున్నానండీ, కుక్కర్ దించి వస్తా."

సరిగ్గా అప్పుడే అత్తగారు ఫోన్ పట్టుకుని గదిలోకి వచ్చింది. "అమ్మాయ్! నా మాత్రలు లారీ ఎక్కించావా? ఎల్లుండిదాకా నేను బతకొద్దూ?"

మైకు తెరిచే ఉంది. పార్సెళ్ళ సంస్థ పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, "ఆ కుక్కర్ దించేది ఎవరు?" అని అడిగింది.

"అదీ... మా జట్టులో చిన్న పొరపాటు..." అని మేనేజరు నసిగాడు.

ఆమె మైకు దగ్గరికి జరిగింది. నోరు మూసుకుంటే పొరపాటు తనదవుతుంది, పని జట్టుదవుతుంది.

"నేనేనండీ" అంది. "పొరపాటు నాదే. పనీ నాదే. ఇవి రెండూ నేను పెట్టిన ఉత్తుత్తి సర్వర్లు, ఒకటి మీకు, ఒకటి మా ఇంటికి. తలుపులు మారాయి. ఒక్క నిమిషం, సరిచేసి మొత్తం నేనే చూపిస్తాను."

"ఇంటికి కూడానా!" అని పెద్దావిడ కళ్ళు తుడుచుకునేలా నవ్వింది. కోడలు అంకెలు దిద్ది, మొదటినుంచి చివరిదాకా తడబడకుండా చూపించింది. లేచేముందు పెద్దావిడ అంది: "ఇకమీదట మాతో ఈ అమ్మాయే మాట్లాడాలి."

మేనేజరు "అలాగేనండీ" అన్నాడు.

అత్తగారికి మాత్రలు చేతికిచ్చి వచ్చి, ఆమె ఇంటి సర్వర్ తెరిచింది. తీసేద్దామనుకుంది. తీసెయ్యలేదు. అందులో ఉన్న రెండు వాక్యాలూ చెరిపి, ఒకే ఒక్క వాక్యం పెట్టింది.

సాయంత్రం భర్త వచ్చి నిలబడ్డాడు. "ఏమోయ్, ఇది పాడైనట్టుంది. టీ అడిగితే ఈ చిరునామాకు మా సేవలు లేవంటోంది."

"పాడవలేదండీ" అంది, తల తిప్పకుండా.

ఆయన వంటింట్లోకి వెళ్ళి, ఇద్దరికీ టీ పెట్టి తెచ్చాడు.

ఆ టీ ఒక్కటే నేను కల్పించింది. ఆయనకి పంచదార డబ్బా కనబడక వీధి చివరి కొట్టుకెళ్ళి తాగొచ్చాడు, ఒక్కడే. ఆమె వంటింట్లోకి వెళ్ళి ఒక్క కప్పు పెట్టుకుంది. కూర్చుని, వేడివేడిగా, చివరి చుక్కదాకా తాగింది. ఇది మాత్రం నిజం.