కొలవని ఐదు వోల్టులు

ముందు కరెంటు కొలవాలి, తర్వాతే చిప్ ముట్టుకోవాలి. నా రిపేరు షాపులో పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చెవినిల్లు కట్టుకుని చెప్పిన మాట ఇది. ఆదివారం అక్క ఇంట్లో దాన్ని నేనే గాలికొదిలేశాను.

అక్క దగ్గర టీవీకి తగిలించి వాడే పాతకాలపు హోమ్ కంప్యూటర్ ఒకటి ఉంది. ఆన్ చేస్తే తెర నల్లగా ఉంటోంది, మీటలు నొక్కితే మాత్రం బీప్ వినిపిస్తోంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే తీర్పు చెప్పేశాను.

"తెర మీద బొమ్మ చూపించే వీడియో చిప్ పోయిందక్కా. మిగతాదంతా బాగానే ఉంది."

"విప్పకుండానే ఎలా చెప్తావురా?"

"నీ తమ్ముడంటే ఏమనుకున్నావు?"

ఆ చిప్పులు ఇప్పుడు తయారు కావు. పై వాటాలో ఉండే, లైబ్రరీలో పనిచేసిన పిన్ని దగ్గర సరిగ్గా అలాంటి కంప్యూటరే ఉంది. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే దాని మీద స్వెటర్ల డిజైన్లు గళ్ళుగళ్ళుగా వేసుకుంటుంది. అందులోని చిప్ ఇమ్మంటే ఆవిడ మనసు ఒప్పుకోలేదు. అక్క బతిమాలి, పరీక్షించి గంటలో ఇచ్చేస్తామని చెప్పి ఆ చిప్ తెచ్చింది.

పెట్టాను. తెర వెలిగింది. అక్క చప్పట్లు కొట్టింది, నేను కాలు మీద కాలేసుకున్నాను. ఏడెనిమిది నిమిషాలకు అక్షరాలు వణికాయి, గీతలు పడ్డాయి, మళ్ళీ అంతా నలుపు. అక్క నా మొహంలోకి చూసింది.

"పిన్ని ఇచ్చిన చిప్పే అరిగిపోయి ఉన్నట్టుంది" అన్నాను. నోరు అంత సులువుగా ఎలా తిరిగిందో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ మాటే చెప్పడానికి అక్క పైకి వెళ్ళింది. అప్పుడు తీశాను మీటరు. పవర్ అడాప్టర్ నుంచి ఐదు వోల్టులు రావాల్సిన చోట ఏడు దాటి వస్తోంది. అక్క చిప్ పోయిందన్నది నిజమే. అదెందుకు పోయిందో అడగకుండా, నిక్షేపంలాంటి రెండోదాన్ని తీసుకెళ్ళి అదే మంటలో పెట్టాను.

అక్క వెనకాలే పిన్ని దిగొచ్చింది.

"ఏమనుకోకు బాబూ. పనికిరానిది అంటగట్టి నీ ఆదివారమంతా పాడుచేశాను. నాకు తెలియలేదు."

నాకు సంజాయిషీ చెప్పుకుంటోంది ఆవిడ. అక్క కూడా ఆవిడ వైపు కాస్త విసుగ్గానే చూస్తోంది. తల కొట్టేసినట్టయింది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఈ అబద్ధమే ఖాయమైపోతుంది.

"మీది మంచి చిప్పే పిన్నీ. నేనే కాల్చేశాను. కరెంటు కొలవకుండా పెట్టేశాను. అది తెలిసి కూడా ఇందాక అబద్ధం... లేదు, అప్పటికి తెలియదు. తెలుసుకోకుండానే తప్పు మీ మీదకి తోశాను."

అక్క కుర్చీలో కూర్చుండిపోయింది.

"అయితే నాది మంచిదేనన్నమాట" అంది పిన్ని. మరుక్షణం భయంగా, "పైన నా దానికి కూడా ఇలాగే ఎక్కువ వస్తోందేమో, ఒకసారి కొలిచి పెడతావా?" అని అడిగింది.

వెళ్ళాను. పిన్ని టీవీ పక్కన, గళ్ళ కాగితం మీద సగం వేసిన డిజైను ఉంది. మీటరు పెట్టాను. ఐదు. సరిగ్గా ఐదు.

"హమ్మయ్య, ఇంకేం భయం లేదు" అంది పిన్ని, వీడియో చిప్ ఉండాల్సిన ఖాళీ వైపు చూస్తూ.