పిడికెడు ఎవరి కంచంలోది

హెలెన్ రెండో గిన్నెకి బియ్యం కొలుస్తుంటే హాల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఎందుకో వెళ్ళి చూడనక్కర్లేదు. ఢిల్లీలో ఆయన మాట్లాడ్డానికి లేచాడన్నమాట. కేంద్ర సహాయమంత్రి రమేష్ బాబు లేస్తే చప్పట్లు, కూర్చుంటే చప్పట్లు. ఆ కొట్టిన చేతులే ఇంకాసేపట్లో కడుక్కుని విస్తళ్ళ ముందుకొస్తాయి. ఆయన ఊళ్ళో ఉన్నా లేకపోయినా రాజమండ్రిలో ఈ ఇంటికి పొద్దుట కాఫీలు, మధ్యాహ్నం రెండు బంతులు తప్పవు. వంటమనిషిని పెట్టుకుందామని ఆమె అడిగినప్పుడల్లా ఆయన ఒకటే మాట. "మన ఇంట్లో వంటమనిషి లేదని జనం గొప్పగా చెప్పుకుంటున్నారు హెలెన్. అది చెడగొట్టకు." జనం చెప్పుకోవడానికి ఆమె నడుం విరుగుతోంది.

కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని ఒక్క మాట ప్రార్థన చేసుకుని, గట్టు మీదున్న పాత పాలపొడి డబ్బాలో వేసింది. చర్చి ఆడవాళ్ళందరూ చేసే పనే అది. ఎసరు పెట్టేముందు దేవుడి పేరున ఒక పిడికెడు. నెలాఖరుకి డబ్బాలన్నీ చర్చికి చేరతాయి, అక్కణ్ణుంచి హాస్టలుకో, దిక్కులేని ముసలివాళ్ళకో వెళతాయి. మూత పెడుతుండగా, ఆయన వ్యవహారాలు చూసే సురేంద్ర వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ, రండి రండి! సారు మీ గురించే చెబుతున్నారండి, పార్లమెంటులో!"

తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. తెర మీద రమేష్ బాబు తెల్ల జుబ్బాలో నిండుగా ఉన్నాడు. ఆడపిల్లల హాస్టళ్ళ భోజనం ఖర్చులో కోత పెట్టారని రెండురోజులుగా ప్రతిపక్షం సభలో కేకలేస్తోంది. జవాబు చెప్పడం ఆయన వంతు. తెలుగులోనే మాట్లాడుతున్నాడు.

"అధ్యక్షా, ఖర్చు తగ్గిస్తే పిల్లలు పస్తులుంటారని గౌరవ సభ్యులు గగ్గోలు పెడుతున్నారు. ఒక్కసారి మా ఇంటికి రండి. నా భార్య ఎసరు పెట్టేముందు రోజూ పిడికెడు బియ్యం తీసి పక్కన పెడుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ పెడుతోంది. మా ఇంట్లో ఒక్కరి అన్నమైనా తగ్గిందా? తగ్గలేదు! దుబారా తగ్గుతుంది గానీ అన్నం తగ్గదు. తెలివైన ఇల్లాలు చేసే పనే మా ప్రభుత్వమూ చేస్తోంది."

బల్లలు చరిచారు. హాల్లో ఉన్నవాళ్ళంతా వెనక్కి తిరిగి ఆమెకి దండాలు పెట్టారు. "దేశమంతా విందండి అమ్మగారూ," అన్నారెవరో. పప్పు అడుగంటుతుందని చెప్పి ఆమె లోపలికి వచ్చేసింది.

అడుగంటింది పప్పు కాదు, ఆమె ఓపిక. ఒక్కరి అన్నమైనా తగ్గలేదట! కొత్త కాపురంలో అత్తగారు పాపాయమ్మ బియ్యం కొలిచి ఇచ్చేది, గింజ ఎక్కువ కాకుండా. మామగారికి, ఆయనకి, మరుదులిద్దరికి, ఆఖరున ఆడవాళ్ళకి. హెలెన్ పిడికెడు తీస్తే ఆవిడ కాదనలేదు. దేవుడి పని కదా! కానీ మళ్ళీ పిడికెడు పొయ్యనూ లేదు. "మగాళ్ళు తిని లేచాక గిన్నె చూసుకో అమ్మాయ్. ఉంటే తిను, లేకపోతే గంజి తాగి ప్రార్థన చేసుకో," అనేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది తానే అయినా కడబంతిలో తనకేమీ మిగలదని హెలెన్‌కి ఆ ఇంట్లోనే తెలిసింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఉప్పు వేసుకుని గంజి తాగింది. పక్క గదిలో ఆయన మీటింగులో చెప్పాల్సిన ఉపన్యాసం బట్టీ పడుతుండేవాడు. పేదవాడి ఆకలి గురించి! ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు, "నువ్వు తిన్నావా" అని తల ఇటు తిప్పిన పాపాన పోలేదు. ఇవాళ ఇంట్లో బియ్యానికి లోటు లేకపోయినా చెప్పాపెట్టకుండా పదిమంది వస్తే తరిగేది మాత్రం ఆమె అన్నమే. పొద్దుటి చద్దో, రెండు రస్కులో తిని కడుపులో మంటకి మాత్ర వేసుకుంటుంది.

అయినా ఆ పిడికెడు ఆమెకి ఏనాడూ కష్టమనిపించలేదు. నాన్న చనిపోయాక నిడదవోలు పక్క పల్లె నుంచి అమ్మ ఆమెని తీసుకొచ్చి మిషన్ హాస్టల్లో వదిలింది. ఆ హాస్టలు అన్నం ఇలాంటి డబ్బాల్లోంచే వచ్చేది. ఒకే గిన్నెలో సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఉప్పుడుబియ్యం కలిసి, ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు పలుకుగా ఉడికేది. "ఏ తల్లి తను తినకుండా పంపిందో, పారెయ్యకండర్రా," అనేది వార్డెనమ్మ. ఆ అన్నం తిని చదువుకుని హెలెన్ టీచరయింది. ఆయన మొదటిసారి ఎమ్మెల్యేగా గెలిచాక, "ఎమ్మెల్యే భార్య సుద్దముక్క పట్టుకుని నిలబడితే ఏం బాగుంటుంది," అని ఆ ఉద్యోగం మాన్పించేశాడు. కోత సంగతి ఇంట్లో అనుకుంటున్నప్పుడే, హాస్టలు పిల్లల జోలికి వెళ్ళొద్దండీ అని ఆమె చెప్పింది. "నీకు ఆర్థికశాస్త్రం ఏం తెలుసు? పైన అయిదుగురున్నారు, కాఫీ పంపు," అన్నాడు. తెలియనిదాన్ని ఇవాళ సభలో సాక్ష్యానికి పిలిచాడు! ఆమె మాడ్చుకున్న కడుపుని చూపించి, ఆ పిల్లల కడుపు కొడుతున్నాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. గొంతులో పెళ్ళికొడుకు హుషారు.

"చూశావా? బల్లలు చరిచిన చప్పుడు విన్నావా?"

"విన్నానండీ. ఆ పిడికెడు ఎవరి వంతులోదో ఎప్పుడైనా అనుకున్నారా?"

"ఎవరి వంతేంటి, దేవుడి వంతు! అదే కదా నేను చెప్పింది. ఇదిగో, రేపు పొద్దున్న టీవీవాళ్ళు ఇంటికొస్తున్నారు. లైవ్. ఎల్లుండి ఈ కోత మీద ఓటింగ్ ఉంది, మనవాళ్ళలోనే కొందరు నసుగుతున్నారు. నువ్వు పిడికెడు తీసి డబ్బాలో వేస్తూ, ఎవరికీ తక్కువ కాలేదండీ అని ఒక్క ముక్క చెప్పు చాలు. నూలు చీర కట్టుకో. ఆ పెద్ద ఫ్రిజ్ కనబడనివ్వకు."

"నాకు చెప్పాలని లేదండీ."

"నీకు లేదా!" అని నవ్వాడు. "ఇన్నేళ్ళలో నన్నేదీ అడగనిదానివి, ఇప్పుడు పేచీ ఏంటి? సురేంద్ర అన్నీ చూసుకుంటాడులే." పెట్టేశాడు.

ఫోన్ చేతిలో అలాగే పట్టుకుని నిలబడింది. అడగకపోవడం కాదు, అడిగింది వినబడకపోవడం. వంటమనిషి కావాలంది, ఉద్యోగం మాననంది, పిల్లల జోలికి వెళ్ళొద్దంది. అవేవీ ఆయన చెవిదాకా వెళ్ళలేదు. అవన్నీ దిగమింగుకున్నట్టే ఈ ఒక్క ముక్కా అనేస్తే రేపటికి గొడవ తీరిపోతుంది. ఎల్లుండి ఏ ఊళ్ళోనో ఏ పిల్లో గిన్నె అడుగు చూసుకుంటుంది. అనకపోతే? ఈ ఇంట్లో ఆ తర్వాత తన బతుకెలా ఉంటుందో ఆమెకి తెలుసు.

పొద్దున్నే టీవీవాళ్ళు వచ్చారు. ఫ్రిజ్ మీద సురేంద్ర అప్పటికే దుప్పటి కప్పేశాడు. మైకు పట్టుకున్న అమ్మాయి పేరు సుప్రియ. మర్యాదగానే ఉంది. "మేడం, మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి. తర్వాత సార్ చెప్పిన మాట మీ నోటితో మీరు చెబితే చాలండి," అంది. పాలపొడి డబ్బా కనబడేలా సురేంద్ర ముందుకు జరిపాడు. వాకిట్లో అభిమానులు గుంపుగా నిలబడ్డారు. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది.

హెలెన్ బియ్యం కొలిచింది. పిడికెడు తీసింది. కళ్ళు మూసుకుంది. రోజూ ఒక్క మాటలో అయిపోయే ప్రార్థన ఇవాళ కాస్త ఆలస్యమైంది. కళ్ళు తెరిచి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆ పని మాత్రం ఆమె ఎవరి కోసమూ మానుకోదు.

"ఇన్నేళ్ళుగా తీస్తున్నారు కదా మేడం," అంది సుప్రియ. "ఇంట్లో ఎవరి అన్నమూ తగ్గలేదని మంత్రిగారు సభలో చెప్పారు. మీరేమంటారండి?"

కెమెరా పక్కన నిలబడి సురేంద్ర పెదవులు కదుపుతున్నాడు, మరిచిపోయిన పిల్లకి పద్యం అందిస్తున్నట్టు. తక్కువ కాలేదండీ, తక్కువ కాలేదండీ.

"తగ్గిందండి," అంది హెలెన్.

సుప్రియ మైకు ఇంకాస్త దగ్గరికి జరిపింది. "ఎవరికండి?"

"నాకు. కడుపుతో ఉన్నప్పుడు గంజి తాగాను. నిన్న మధ్యాహ్నం రస్కులు తిన్నాను. దేవుడికి నేను ఇష్టపడి ఇచ్చుకున్నానండి, దానికి బాధ లేదు. ఆ హాస్టలు పిల్లల్ని మాత్రం ఇస్తారా అని ఎవరూ అడగలేదు."

"అమ్మగారూ!" అన్నాడు సురేంద్ర. గట్టు మీద ఆమె ఫోన్ మోగడం మొదలుపెట్టింది. తెర మీద ఆయన పేరు. హెలెన్ దాన్ని చూసింది, తియ్యలేదు.

"మంత్రిగారు అబద్ధం చెప్పారంటారా మేడం?"

"లేదండీ, ఆయనకి నిజంగానే తెలియదు," అంది హెలెన్. "పక్క గదిలో నా కంచం కనబడని మనిషికి, ఢిల్లీలో కూర్చుంటే ఆ పిల్లల కంచాలు ఎలా కనబడతాయండీ?"