క్లిప్పు విరిగిన కేబులు

మోటార్లు తిప్పే రెండు బోర్డులకు పరీక్ష. ఫిట్టరు ఇనుప పలకను దబ్బున బల్ల మీద పడేసి వెల్డింగ్ మొదలుపెట్టాడు. కంప్యూటర్లకు వాడే ఈథర్నెట్ కేబులు తగిలించిన బోర్డు మీది పచ్చదీపం ఆరిపోయింది, మోటారు ఆగిపోయింది. పక్కనున్న రెండో బోర్డు మాత్రం ఏమీ పట్టనట్టు తన మోటారును తిప్పుతూనే ఉంది. దానికి వచ్చేది మెలేసిన రెండు తీగల బస్ లైను. అదే పెట్టాలని వర్క్‌షాపులో ఇంజినీరుగా పనిచేసే అమ్మాయి మొదట్నుంచీ పట్టుబడుతోంది.

"ఏం ప్రొఫెసరుగారూ, మీ ఈథర్నెట్ అలిగినట్టుందే," అన్నాడు ఆమె బాబాయి. వర్క్‌షాపు ఆయనదే. ఫిట్టర్లు నవ్వారు.

ప్రొఫెసర్ అంటే కొత్తగా చేరిన ఇంజినీరు. ఏ సంగతైనా గోడమీది బోర్డు మీద బొమ్మ గీస్తే గానీ చెప్పడు, అందుకని బాబాయి పెట్టిన పేరు. సరుకు మోసే కొత్త కన్వేయరులో మోటార్లన్నిటికీ ఈథర్నెట్ వేద్దామన్నది అతనే. పాత కంపెనీ మూతపడ్డాక ఇద్దరు పిల్లలతో చాన్నాళ్లు ఖాళీగా ఉండి వచ్చాడు. ఈ పరీక్ష చూశాకే అతన్ని ఉంచుకునేదీ లేనిదీ చెబుతానని బాబాయి ముందే అన్నాడు.

"ప్రోగ్రాంలో ఏదో తప్పు చేసుంటాను సార్. చూస్తాను," అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి.

"చూడండి. సాయంత్రం మాట్లాడుకుందాం."

తప్పు ప్రోగ్రాంలో లేదని ఆమెకు తెలుసు. పొద్దున సొరుగులోంచి ఆ కేబులు తీసింది ఆమే. ప్లగ్గును పట్టి ఉంచే క్లిప్పు విరిగి ఉండటం చూసింది. అతను చెయ్యి చాపాడు. ఇచ్చేసింది. పలక పడ్డ అదురుకి ప్లగ్గు కంటికి కనబడనంత జారింది, అంతే.

మధ్యాహ్నం అతను భోజనానికి లేవలేదు.

"చెల్లెమ్మా, ఈ ప్రోగ్రాం ఒకసారి చూస్తావా? చూసి చూసి నాకు కళ్లు లాగేస్తున్నాయి," అన్నాడు.

కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. తెర మీది వరసలన్నీ చదువుతున్నట్టు నటించింది.

"ఇందులో ఏమీ లేదన్నయ్యా."

"నువ్వు లేదంటే లేనట్టే."

ఆ మాట ఆమెకు మింగుడుపడలేదు. లేచి బాబాయి గదిలోకి వెళ్లింది.

"ఆ కేబులు పాడైంది బాబాయ్. తెలిసే ఇచ్చాను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నాతో కాదమ్మా. అతన్ని అందరిముందూ నవ్వులపాలు చేశావు, అందరిముందే చెప్పు."

చెప్పింది. విరిగిన క్లిప్పును కూడా అందరికీ చూపించింది. మంచి కేబులు పెట్టి, మళ్లీ పలక పడేసి వెల్డింగ్ చేశారు. దీపం ఆరలేదు.

"ప్రొఫెసరుగారూ, మీరు ఉంటున్నారు. ఇక ఈథర్నెట్టే వేద్దామా?" అన్నాడు బాబాయి.

అతను గోడమీది బోర్డు దగ్గరికెళ్లి మోటార్లను వరసగా గీశాడు. "వద్దు సార్, బస్ లైనే మేలు. ఒకే లైను అన్నిటినీ తాకుతూ పోతుంది. నేను చెప్పినట్టయితే ఒక్కోదానికి ఒక్కో కేబులు లాగాలి. పంపేదేమో ఆగు, తిరుగు అనే ముక్క. దానికంత వేగం ఎందుకు? కన్వేయరు పొడవు చూశాక నాకూ అదే అనిపించింది. పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను."

సుద్దముక్క కిందపెట్టి ఆమె వైపు తిరిగాడు. "నన్నడిగితే సరిపోయేది కదమ్మా."

తిట్టలేదు. ఫిట్టర్లు కూడా ఈసారి నవ్వలేదు. ఆమె బల్ల మీది తీగముక్కలు ఏరుతూ నిలబడింది. ఏరడానికి ఇంకేమీ మిగల్లేదని తెలిసినా తల ఎత్తలేకపోయింది.