నా చెంచా నాకివ్వు

మా అక్కకి నేనంటే ప్రాణం. ఆ ప్రేమే ఇప్పుడు నా ప్రాణాలు తోడేస్తోంది.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. నోటి మాట పోయింది. కత్తెర పట్టి ఎంతమంది తలల్నో తీర్చిదిద్దినవాణ్ణి, ఇప్పుడు నా తల దువ్వడానికి ఇంకొకరు కావాలి. డాక్టరమ్మ కొత్త మందు మొదలుపెట్టింది.

"నరాలు మళ్లీ దారి వెతుక్కోవడానికి ఇది సాయం చేస్తుందంతే. పని మాత్రం ఆ చెయ్యే చెయ్యాలి. తినడం, తుడుచుకోవడం, అన్నీ కుడిచేత్తోనే చేయించండి. ఈ రోజులు పోతే మళ్లీ రావు," అని అక్కకి చెప్పింది.

అక్క బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి, నేను కుడిచేత్తో ఎలాగో పట్టుకున్న చెంచా లాక్కుంది. "నీకెందుకురా శ్రమ? నోరు తెరు." మూతి ఆవిడే తుడుస్తుంది, బొత్తాలూ ఆవిడే పెడుతుంది. మందు మాత్రం టంచనుగా వేస్తుంది! గిన్నె పెట్టకుండా పొయ్యి వెలిగిస్తే ఏం ఉడుకుతుంది? ఈ ముక్క చెబుదామంటే నా నోట్లోంచి "బ, బ" తప్ప రాదే!

నిన్న అక్క చెంచా నా నోటిదాకా తెచ్చేసరికి ఒళ్లు మండిపోయింది. ఎడంచేత్తో కంచం విసిరికొట్టాను.

ఈరోజు ఆస్పత్రిలో అక్క కళ్లొత్తుకుంటూ చెప్పింది. "మా తమ్ముడు చీమకి కూడా హాని తలపెట్టడమ్మా. ఈ మందు వేసినప్పట్నించే కోపం నషాళానికి అంటుతోంది. ఆపేయండి."

"కొందరికి చిరాకు పెరగొచ్చు. సరే, ఆపేద్దాం," అంది డాక్టరమ్మ, నా వంకైనా చూడకుండా.

ఆపేస్తారట! చెయ్యి నాది, కోపం నాది, తీర్పు వాళ్లది. గట్టిగా అరిచాను.

"చూశారా?" అంది అక్క.

అరిచేకొద్దీ ఆవిడ మాటే నెగ్గుతోంది. నోరు మూసుకున్నాను. అక్క నా కాలరు సర్దబోయింది. కుడిచేత్తో ఆవిడ మణికట్టు పట్టేశాను. వేళ్లు బిగుసుకుపోయాయి.

"అబ్బా, వదలరా!"

డాక్టరమ్మ అప్పుడు చూసింది. లేచి దగ్గరికొచ్చింది. "పట్టుకోవడం కంటే వదలడమే కష్టం. ఏదీ, వదలండి."

నా వేళ్లు నా మాట వినవే! వాటిని మనసులో నోటికొచ్చినట్టు తిట్టాను. బొటనవేలు కదిలింది. కాసేపటికి చూపుడువేలు.

"మందు ఆపేది లేదు," అంది డాక్టరమ్మ.

మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. చిటికెనవేలు మొండికేసింది. దాన్ని విడదీద్దామని అక్క రెండో చెయ్యి చాపింది.

"వద్దు!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే, నా వేలు తనంతట తను లేచేదాకా ఆగింది.