వేళ్లకు తెలిసిన సొట్ట

కార్ల షెడ్డులో అందరూ ఆయన్ని సొట్టల మేస్త్రి అనేవాళ్లు. నలిగిన రేకును లోపల్నుంచి కొట్టి, దెబ్బ తగిలిన ఆనవాలు లేకుండా చదును చేయడం ముప్ఫై రెండేళ్లుగా ఆయన పని. అలాంటి మనిషి ఒక మంగళవారం పొద్దున నిక్షేపంలాంటి ఎడమ తలుపు ఊడదీసి సుత్తి పట్టాడు. సొట్ట పడింది కుడి తలుపుకి.

"ఏంటి మేస్త్రీ, కాగితం చూళ్లేదా?" అన్నాడు ఓనరు.

చూశాడు. పని వివరాలు రాసిన ఆ కాగితంలో అక్షరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి చీమలబారులా కనిపించాయి. చూపు మసకబారి ఏడాదైంది. కళ్లద్దాలతో బాగయ్యేది కాదని డాక్టరు చెప్పినా, ఇంట్లో పెదవి విప్పలేదు.

ఓనరు కేకలెయ్యలేదు. "వారం రోజులు ఇంటిపట్టున ఉండండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆ మెత్తదనానికే మేస్త్రి గుండె జారిపోయింది.

ఇంట్లో ముందు పసిగట్టింది కోడలు. ప్రింటింగ్ ప్రెస్సులో పేజీలు కూర్చే పిల్ల.

"మామయ్యా, పేపర్లో విశేషాలేంటి?"

"ఏముంటాయమ్మా, ఎప్పుడూ ఉండేవే."

"తలకిందులుగా పట్టుకున్నా అవేనా?"

ఆయన నవ్వబోయి, నవ్వలేక, అంతా చెప్పేశాడు.

కోడలు అయ్యో పాపం అనలేదు. వంటింట్లోంచి పాత గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. "కళ్లు మూసుకుని చెప్పండి, ఎన్ని సొట్టలు?"

వేళ్లు ఒక చుట్టు తిరిగాయి. "మూడు."

"రెండే కదా!" అంటూ కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసింది. అంచు కింద మూడోది ఉంది. "రోజూ తోముతాను, నాకే కనపళ్లేదు. ఇంక మీకు కళ్లతో పనేంటి?"

"ఏ సుత్తి ఎక్కడుందో తెలియాలిగా. కాగితం చదవాలిగా."

ఆదివారమంతా ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. ఆయన పనిముట్లు అందిస్తుంటే, కోడలు ఆకురాయితో పిడుల అంచున గంట్లు పెట్టింది. చిన్న సుత్తికి ఒకటి, పెద్దదానికి రెండు, కొయ్య సుత్తికి మూడు. మర్నాడు, ఆయన జేబులో ఉండిపోయిన షెడ్డు కాగితాన్నీ ప్రెస్సులో కొత్తగా కూర్చింది. అక్షరాలు పెద్దవి చేసింది. ప్రతి పనినీ కొత్త వరసలో, అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు లోపలికి జరిపి మొదలుపెట్టింది. ఎక్కడ ఏది మొదలవుతుందో ఇప్పుడు మసక చూపుకీ దొరికింది.

వారం తిరిగేసరికి మేస్త్రి షెడ్డుకెళ్లి, కొత్త కాగితం ఓనరు చేతిలో పెట్టి, దాచకుండా సంగతంతా చెప్పాడు. రంగుకి సిద్ధంగా ఉన్న ఒక తలుపు మీద అరచెయ్యి ఆనించి, "గొళ్లెం పక్కన ఇంకా కుంగి ఉంది" అన్నాడు.

"అద్దంలా ఉంటేనూ!" అన్నాడు రంగులేసే అతను.

ఓనరు ట్యూబులైటు వాలుగా పట్టి చూశాడు. గొళ్లెం పక్కన వెలుగు గీత వంకర తిరిగింది.

"ఇకమీదట ఏ బండైనా మీ చెయ్యి పడ్డాకే రంగుకెళ్తుంది. ఆ కాగితాలు కూడా అందరికీ ఇలాంటివే వేయించండి, మాకూ హాయిగా ఉంటుంది" అన్నాడు ఓనరు.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్లలేదు. చేతులకంటిన మసి కడుక్కుని, దారి అడుక్కుంటూ ప్రెస్సుకి వెళ్లాడు. కంగారుగా ఎదురొచ్చిన కోడల్ని పక్కన నిలబెట్టుకుని, ఆమె పై అధికారికి చేతులు జోడించాడు.

"అయ్యా, ఈవిడ మా కోడలు. పోయిందనుకున్న పని నాకు తిరిగి తెచ్చిపెట్టింది. ఇంట్లో చెబుదామంటే నోరు రావట్లేదు. అందుకే మీకు చెప్పిపోదామని వచ్చాను."

"మామయ్యా, అందరూ చూస్తున్నారు!" అంది కోడలు, కళ్లు తుడుచుకుంటూ.

"చూడనీ అమ్మా" అన్నాడాయన.