మరుగుదొడ్డి నుంచి మరుగుదొడ్డికి గీసిన దారి

ఆస్కర్‌డేల్ జిల్లా కౌన్సిల్ పెద్దలారా, మావిస్ హెబ్డెన్‌ను మంచాన పడేసింది మీరు. ముసలితనం కాదు, ఎండ కాదు, ఆవిడ మొండితనం అంతకన్నా కాదు. మీరు. ఊళ్ళ మరుగుదొడ్లు మూసేద్దామని చేతులెత్తి ఓటేసి, మీటింగు అయ్యాక బిస్కెట్లు తిని, ఎవరిళ్ళకు వాళ్ళు పోయి, ఎవరి బాత్రూంలో వాళ్ళు తలుపేసుకున్న మీరు. మాకేం తెలుసంటారేమో. తెలుసుకోండి. మొదటినుంచీ వినండి.

మే నెల. పొలాల చుట్టూ ముళ్ళపొదల కంచెలు తెల్లగా విరగబూసే రోజులు. శుక్రవారం మధ్యాహ్నం సిరిల్ హెబ్డెన్ వంటింటి బల్ల మీద పటం పరిచాడు. మడతల దగ్గర చిరిగిపోయి, టేపు మీద టేపు అతికించిన పాత పటం. ఫోను చెప్పే దారి అతనికి గిట్టదు. అది ఎంతసేపూ లారీలు తిరిగే పెద్దరోడ్డుకే తోలుతుంది. ఆదివారం షికారుకు పెద్దరోడ్డెక్కేవాడు మనిషే కాడని సిరిల్ నమ్మకం.

సిరిల్ వడ్రంగి. పని మానేసి చాలా ఏళ్ళయింది. పెళ్ళికి ముందునుంచీ ప్రతి మే నెలలో మావిస్‌ను విన్‌స్కేల్ కొండ మీదికి తీసుకెళ్ళడం అతని అలవాటు. మొదట్లో మోటారు సైకిల్ మీద, తర్వాత కార్లో. కొండ మీద రోడ్డు పక్కన కాస్త జాగా ఉంటుంది. అక్కడ కారును లోయకు ఎదురుగా ఆపి, దిగకుండా, అద్దాలు ఎత్తుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని గుడ్డు శాండ్‌విచ్‌లు తినాలి. ఫ్లాస్కులో టీ తాగాలి. పక్కన ఆగిన కార్లలోనూ ఇలాంటి ముసలి జంటలే ఇదే పని చేస్తుంటారు. ఎవరూ ఎవరినీ చూడనట్టే ఉండాలి. వాళ్ళకు తెలిసిన పండగ అదొక్కటే.

మావిస్‌కు పోయినేడాది పొత్తికడుపులో ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఎక్కువసేపు ఆపుకోలేదు. పోయిన మే నెలలో కొండకు వెళ్ళనేలేదు. ఏడాదంతా ఆవిడ గడప దాటింది డాక్టరు దగ్గరికీ, చర్చికీ మాత్రమే. చర్చిలో కూడా తలుపు పక్క బెంచీనే.

"ఈసారి కూడా పోకపోతే ఇంక పోమురా ముసలోడా," అంది వారం కిందట, బంగాళదుంపలు చెక్కు తీస్తూ. "ఇంట్లోనే ఉండిపోతాను. నా సంగతి నాకు తెలుసు."

అందుకే ఈ పటం.

"కెర్స్‌బీ మీదుగా పోదాం పిల్లా," అన్నాడు సిరిల్. డెబ్బై దాటినా ఆ వైపు మాటలో పెళ్ళాం పిల్లే. "వంతెన దాటి, నీలిపూల అడవి పక్కనుంచి, వాగు వెంబడే పైకి. ఎంత బాగుంటుందో ఇప్పుడు."

"అడవి దగ్గర బాత్రూం ఉందా?"

"అడవే ఉందిగా."

"నీకేం, మగాడివి. కనబడ్డ చెట్టల్లా నీదే."

సిరిల్ పెన్సిల్ చెరిపి ఇంకో గీత గీశాడు. "అయితే ఎలర్ ఊరి మీదుగా. చర్చి ఎదురుగా ఉండేదిగా, రాతి గోడలది, శుభ్రంగా?"

"అమ్మేశారు. లండన్ వాళ్ళు కొని సెలవుల ఇల్లు చేసుకున్నారు. పక్కింటి ఆడ్రీ చూసొచ్చింది. మగాళ్ళ వైపు పడగ్గదంట, ఆడాళ్ళ వైపు వంటిల్లంట."

"మరి వాళ్ళకు బాత్రూం?"

"వెనకాల కొత్తది కట్టుకున్నారంట."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే సిరిల్ ఎలర్ మీద అడ్డంగా కొట్టేశాడు.

ఎవరైనా అందమైన దారి వెతికేటప్పుడు ఏం చూస్తారు? కొండ ఎక్కడ, వాగు ఎక్కడ, గొర్రెపిల్లలు గెంతే మైదానం ఎక్కడ అని చూస్తారు. ఈ మనిషి పెన్సిల్ పట్టుకుని ఎక్కడెక్కడ మరుగుదొడ్డి తలుపు తెరిచి ఉంటుందా అని చూస్తున్నాడు. ఒక దొడ్డి నుంచి ఇంకో దొడ్డికి గీత. ఆ గీత మీద అందం ఎంత తగిలితే అంతే ప్రాప్తం.

గోల ఎందుకని కౌన్సిల్‌కే ఫోన్ చేశాడు. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"ఏవి తెరిచి ఉన్నాయో చెబుతారా అమ్మా? ఆదివారం మా ఆవిడను తీసుకెళ్ళాలి."

"కెర్స్‌బీ సంతవీధిదీ, ఎలర్ ఆనకట్టదీ తెరిచే ఉన్నట్టు చూపిస్తోందండీ. అదీగాక స్థానిక వ్యాపారులు సహకరిస్తున్నారు. కిటికీకి పసుపు స్టిక్కరు ఉన్న పబ్బుల్లోకి, షాపుల్లోకి మొహమాటం లేకుండా వెళ్ళి వాడుకోవచ్చు."

"మొహమాటం లేకుండానా?"

"అవునండీ. ఇంకేమైనా సహాయం కావాలాండీ?"

మొహమాటం లేకుండానట. బస్సులో కాలు తొక్కినవాడికి తొక్కించుకున్నవాడే సారీ చెప్పే జనం మధ్య. ఎవడికి తట్టిందయ్యా ఈ ఉపాయం? ఆడమనిషి జనంతో నిండిన పబ్బులోకి పోయి, ఏమీ కొనకుండా, అందరి బల్లల మధ్యనుంచి నడిచి పోసుకుని రావాలి. ఎవరూ రారని తెలిసే ఆ స్టిక్కర్లు అంటించారు. వాటివల్ల మీకు ఖర్చు లేదు.

సిరిల్ పటం మీద రెండు సున్నాలు చుట్టాడు, కెర్స్‌బీకి ఒకటి, ఆనకట్టకు ఒకటి. "చూడు, కుదిరింది. అక్కడినుంచి కొండ ఎంతసేపు?"

"కుదిరింది," అంది మావిస్. ఆవిడ మనసులో వేరే ఏర్పాటు చేసుకుంది.

శనివారం సాయంత్రం ఆవిడ టీ చల్లారిపోయింది. సిరిల్ వార్తలు చూస్తుండగా ఆవిడ లేచి దాన్ని కిటికీలో పూలకుండీలో పోసింది. ఆదివారం పొద్దున గుడ్లు ఉడకబెట్టింది, రొట్టెకు వెన్న రాసింది, ఫ్లాస్కు నింపింది. అతనికి కప్పు అందించింది. ఆవిడ కప్పు మాత్రం గూట్లో బోర్లించినది బోర్లించినట్టే ఉంది. సిరిల్ చూశాడు. అడుగుదామనుకున్నాడు. కానీ పెళ్ళాం ఒంటి సంగతి ఎలా అడుగుతాడు? ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. ఆపరేషనప్పుడు కూడా ఇరుగుపొరుగుకు "ఆడవాళ్ళ సంగతిలెండి" అని ముగించాడు. ఆవిడ చెప్పలేదు, ఇతను అడగలేదు. మర్యాద అంటాం దాన్ని మేం. ఆ మర్యాదే గొంతు దాకా వచ్చిన మాటను వెనక్కి నెట్టేసింది.

బయల్దేరారు. ఎండ అప్పటికే చిటపటలాడుతోంది. ఆ సన్నదారులు కారుకు సరిపోయేంతే ఉంటాయి. రెండువైపులా కంచెల పూలు అద్దాలకు రాసుకుంటున్నాయి. ఎదురుగా ట్రాక్టరు వస్తే సిరిల్ మలుపు దాకా వెనక్కి పోనిచ్చాడు. ట్రాక్టరువాడు స్టీరింగు మీదనుంచి ఒక వేలు ఎత్తాడు. సిరిల్ కూడా ఒక వేలు ఎత్తాడు.

"బ్యాన్‌క్రాఫ్ట్ వాళ్ళ కుర్రాడు. పలకరించే మనిషి," అన్నాడు సిరిల్.

"వేలెత్తితే పలకరింపేనా?"

"నాలుగు వేళ్ళెత్తితే ఉపన్యాసం అవుతుంది."

మావిస్ నవ్వింది. అద్దానికి నుదురు ఆనించి గొర్రెపిల్లల్ని చూస్తూ కూర్చుంది. ఏడాదిగా చూడనిదంతా ఒక్కసారే చూసేద్దామన్నట్టు చూసింది.

కెర్స్‌బీ సంతవీధి. మరుగుదొడ్డి తలుపుకు తాళం. తాళం కొత్తది, మిలమిలలాడుతోంది. పైన ప్లాస్టిక్ తొడుగులో కాగితం: "ఈ సదుపాయం శాశ్వతంగా మూసివేయబడినది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

"ఫోన్లో తెరిచుందని చెప్పిందే," అన్నాడు సిరిల్, తాళాన్ని అటూ ఇటూ లాగి.

"వదిలెయ్. నాకిప్పుడు అవసరం లేదు."

నిజంగానే లేదు. ఒంట్లో నీళ్ళుంటేగా.

ఎలర్ ఆనకట్ట దగ్గర కారు నిలిపినందుకు రుసుము తీసుకునే మిషను కొత్తది పెట్టారు. అది చక్కగా పనిచేస్తోంది. దాని వెనక మరుగుదొడ్డి తలుపులకు చెక్కలు కొట్టేశారు. కాగితం కూడా అంటించలేదు. చింతించే ఓపిక కూడా అయిపోయినట్టుంది.

సిరిల్ వెళ్ళి ఒక చెక్కను లాగి చూశాడు. ఆ చెక్కలు కొట్టినవాడికి మేకు కొట్టడం కూడా రాదని గొణిగాడు. కారు తిప్పి కూడలిలో ఉన్న పబ్బు ముందు ఆపాడు. కిటికీకి పసుపు స్టిక్కరు ఉంది. దాని కిందే చేత్తో రాసిన అట్టముక్క: "బాత్రూములు మా కస్టమర్లకు మాత్రమే."

"వెళ్ళు పిల్లా. స్టిక్కరుందిగా."

మావిస్ సంచీ పట్టుకుని తలుపు దాకా వెళ్ళింది. లోపల మధ్యాహ్నం భోజనాల రద్దీ. తలుపు తెరవగానే దగ్గరి బల్లవాళ్ళు తలెత్తి చూశారు. కౌంటరు వెనకామె, "ఎంతమందండీ? బల్ల ముందే బుక్ చేసుకున్నారా?" అంది. మావిస్ "సారీ" అంది. ఎందుకు సారీయో ఆవిడకే తెలియదు. వెనక్కి వచ్చి కారెక్కింది.

"ఏమైంది?"

"రద్దీగా ఉంది."

"చిన్న గ్లాసు నిమ్మరసం ఏదన్నా కొని—"

"కొంటే తాగాలి. తాగితే మళ్ళీ వెతుక్కోవాలి. బండి పోనీ సిరిల్."

ఆవిడ పేరు పెట్టి పిలిచిందంటే ఇక వాదించి లాభం లేదు. పోనిచ్చాడు.

విన్‌స్కేల్ కొండ మీద చోటు ఖాళీగానే ఉంది. కింద లోయ అంతా పరుచుకుని ఉంది. రాతి గోడలు గళ్ళుగళ్ళుగా, మధ్యలో తెల్ల కంచెలు, అట్టడుగున వాగు. నీడ లేదు. సిరిల్ అద్దం దించబోతే మావిస్ వద్దంది. గాలికి తువ్వాలు ఎగిరిపోతుందట. అతను ఫ్లాస్కు మూత తీసి టీ పోసి ఇచ్చాడు. ఆవిడ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. తాగలేదు. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి.

"తాగవే."

"తర్వాత."

"పొద్దున్నించీ ఏమన్నా తాగావా అసలు?" ఆ ప్రశ్న అతని నోట ఇప్పుడు వచ్చింది. ఇంటి దగ్గరే రావలసిన ప్రశ్న.

ఆవిడ లోయ వైపే చూస్తూ, "బస్సు ఇంకా రాలేదేంటి నాన్నా?" అంది.

సిరిల్ వేళాకోళం అనుకున్నాడు. "బస్సులు కూడా తీసేశారు కదమ్మా," అన్నాడు నవ్వుతూ. ఆవిడ మళ్ళీ అడిగింది. అదే మాట, అదే గొంతు, చిన్నపిల్ల గొంతు. కప్పు ఒళ్ళో ఒలికిపోయింది. ఒలికినట్టు ఆవిడకు తెలియలేదు. తల అద్దం మీదికి వాలిపోయింది.

ఫోనుకు ఆ కొండ మీద సిగ్నలు ఉండదు. సిరిల్ రోడ్డు మధ్యలో నిలబడి రెండు చేతులూ ఊపాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి. మోటారు సైకిల్ మీద వచ్చిన ఒక అమ్మాయి ఆగింది. మావిస్ పెదాలను నీళ్ళతో తడిపింది, తర్వాత సిగ్నలు దొరికే చోటి దాకా పోయి అంబులెన్సును పిలిచింది. అది వచ్చేసరికి కొండ నీడ లోయలోకి దిగింది.

ఆసుపత్రిలో డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. ఒంట్లో నీరు ఎండిపోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. బుర్ర తేటపడొచ్చు, పడకపోవచ్చు. "కావాలనే తాగలేదా ఆవిడ? ఎందుకు?"

"మర్యాద కోసం," అన్నాడు సిరిల్. డాక్టరుకు అర్థం కాలేదు.

మావిస్ ఇంటికి వచ్చింది. మేడ మీది మంచం ముందుగదిలోకి దించారు. కొన్ని పూటలు అతన్ని గుర్తుపడుతుంది, కొన్ని పూటలు నాన్నా అంటుంది. బాత్రూం పక్కనే ఉంది, తలుపు తీసే ఉంటుంది. అయినా పగలు నీళ్ళు ముట్టదు. గ్లాసు తెస్తే గోడ వైపు తిరుగుతుంది.

"దారిలో ఎక్కడా లేదు," అంటుంది.

"మనం ఇంట్లోనే ఉన్నాం పిల్లా."

"దారిలో ఎక్కడా లేదు."

సిరిల్ మీ మీటింగుకు వచ్చాడు. చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని వచ్చాడు. ప్రజలు మాట్లాడేందుకు ఇచ్చే సమయంలో లేచి, మా ఆవిడ మూత్రానికి భయపడి నీళ్ళు మానేసింది అన్నాడు. ఆ మాట వినగానే మీరంతా బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. అధ్యక్షుల వారు "మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం, ధన్యవాదాలు" అన్నారు. తర్వాతి అంశం వీధుల్లో పూలబుట్టల పోటీ.

బయట ఆడ్రీ అతని చేయి పట్టుకుంది. "నీ బాధ నాకు తెలియదా సిరిల్. కానీ అందరిలో ఆ మాట అనడం... మావిస్ వింటే ఎంత సిగ్గుపడేది."

"అవును," అన్నాడు సిరిల్. "సిగ్గుపడే పడిపోయింది."

ఇప్పుడు అతను బయటికి రాడు. వస్తే ఆవిడ దగ్గర ఎవరుంటారు? ఇంకో మే నెల వస్తుంది, కొండ మీద ఆ జాగాలో ఇంకెవరో కారు ఆపుకుంటారు. మావిస్‌కు ఆ దారి తిరిగి రాదు. మీరేం చేసినా రాదు. అది పోయింది.

కానీ ఈ జిల్లాలో వంటింట్లో కూర్చుని టీ పారబోసుకుంటున్న ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళు మీకు ఉత్తరం రాయరు, మీటింగుకు రారు, ఆ మాట నోటితో అనరు. మొహమాటం. కాబట్టి మీరే కదలాలి. కెర్స్‌బీ సంతవీధి తాళం ఈ శనివారం సంతకు ముందే తీయండి. ఎలర్ ఆనకట్ట దగ్గరి తలుపుల చెక్కలు పీకేయండి, కుళాయిలకు నీళ్ళు వదలండి, దీపం పెట్టండి, రోజూ కడిగే మనిషిని పెట్టి జీతమివ్వండి. తాళంచెవి పోయిందనకండి. గొడ్డలి తెచ్చి తలుపు పగలగొట్టండి, ఇవాళే.