పాస్ చేసిన ప్రశ్న

ఇట్లా దగ్గరికి జరగండర్రా. ఆ ఫ్యాను మోతలో నా గొంతు మీదాకా రాదు. నాగసుధ సంగతి చెబుతాను, వినండి.

చీరాలలో ఒక ఆడపిల్లల కాలేజీ. అక్కడ క్విజ్ పోటీలో జవాబు చెప్పిన పిల్ల కుర్చీతో సహా ఒక అంతస్తు పైకి పోతుంది. పైకప్పు పాల మీద మీగడలా పక్కకు తప్పుకుని, కుర్చీ వెళ్లాక మళ్లీ కలుసుకుంటుంది. ఎవరూ తలెత్తి చూడరు. కింద కొత్తవాళ్ల విభాగం, దాని మీద చేయి తిరిగినవాళ్లది, ఆపైన ఆరితేరినవాళ్లది.

నాగసుధ, మస్తాన్‌బీ ఒక జట్టు. ఇద్దరికీ ఒకే బల్ల, ఒకే బజర్, ఒకే డబ్బాలో పులిహోర. మస్తాన్‌బీ తెలిసిన మాటైనా రెండుసార్లు నమిలిగాని బయట పెట్టదు. నాగసుధకేమో ప్రశ్న సగంలో ఉండగానే బజర్ నొక్కడం అలవాటు.

"ఆగవే తల్లీ, పూర్తిగా అడగనీ," అంటుంది మస్తాన్‌బీ.

"నువ్వు నమిలేలోపు పక్క బల్లవాళ్లు మింగేస్తారే," అంటూనే నాగసుధ నొక్కి చెప్పేస్తుంది. జవాబు సరైనదే. కుర్చీ లేస్తుంది. మస్తాన్‌బీ ఆమె చున్నీ కొస పట్టుకుంటుంది. చున్నీ ఒక్కటే చేతిలో మిగులుతుంది.

రెండో అంతస్తులో ఎవరి బల్ల వాళ్లది, ఎవరి మంచినీళ్లు వాళ్లవి. కిందికి దిగాలని నాగసుధ కావాలనే తప్పు చెబుతుంది. కృష్ణానది ఎందులో కలుస్తుందంటే, మా మేనత్తవాళ్ల బావిలో అంటుంది. ప్రశ్నలడిగే మేడం లోపలికెళ్లి ఫోన్ చేసి వస్తుంది.

"కలిసిందమ్మా, ఇందాకే. మీ మేనత్త బిందెలు పక్కకు సర్దుకుంటోంది."

కుర్చీ మళ్లీ లేస్తుంది.

మూడో అంతస్తు రైలు ప్లాట్‌ఫారమంత పొడుగు. ఒక్కటే బల్ల. ఆ మేడమే అక్కడా ఉంది, చాలా దూరాన.

"మా మస్తాన్‌బీ రాదాండీ?"

"ఆ అమ్మాయి కొత్తవాళ్లలో ఉంది. విభాగాలు కలిపితే ఓడిపోతుంది పాపం."

"ఓడిపోతే పోనీండి. పక్కన ఉంటుంది."

"ఇక్కడ పక్క లేదమ్మా."

నాగసుధ చూస్తుంది. నిజమే, బల్లకు ముందూ వెనకా ఉన్నాయిగాని పక్కలు లేవు.

"పోనీ, మెట్ల మీదుగా నేనే దిగుతాను."

"మెట్లు ప్రశ్నలకు. మనుషులకు కుర్చీలున్నాయిగా."

మేడం మైకు అందుకుంటుంది. ఆ మాట మూడంతస్తులకూ వినిపిస్తుంది. "ఇదే ఆఖరి ప్రశ్న. జవాబు రాగానే ఏ అంతస్తుకు ఆ అంతస్తు తాళం వేసేస్తాం. మొదటిరోజు కాలేజీ బస్సులో మీ ఇద్దరిలో ముందుగా పక్కకు జరిగి చోటిచ్చింది ఎవరు?"

నాగసుధ ఒక ప్రశ్నను చివరిదాకా వినడం ఇదే మొదలు. జవాబు నాలుక మీదే ఉంది. అలవాటైన చేయి బజర్ మీదికి పోతుంది. రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంటుంది.

"పాస్," అంటుంది.

మేడం ఒళ్లోంచి ప్రశ్న దిగుతుంది. తడిసిన మేకపిల్లలా ఉంటుంది. పక్క జట్టు కోసం ఆ పొడుగు హాలంతా తిరిగి, ఎవరూ లేక మళ్లీ నాగసుధ దగ్గరికే వస్తుంది.

"పాస్," అంటుంది నాగసుధ, మెట్లవైపు చూపిస్తూ.

అది దిగిపోతుంది. గిట్టల చప్పుడు సన్నబడి ఆగిపోతుంది. నాగసుధ తన గ్లాసులో నీళ్లు తానే తాగి, గ్లాసు తానే బోర్లించుకుంటుంది. మస్తాన్‌బీకి జవాబు తెలుసు. ఇప్పటికి రెండుసార్లూ నమిలే ఉంటుంది.

మెట్ల మీద మళ్లీ గిట్టలు.

ప్రశ్న మెడకు చున్నీ కట్టి ఉంది. మూతి పులిహోర వాసన వేస్తోంది. నాగసుధ తన జడ రిబ్బను విప్పి దాని కాలికి కట్టి, "పాస్," అని కిందికి పంపుతుంది. కింద నుంచీ అదే మాట వస్తుంది.

తిరిగేకొద్దీ ప్రశ్న పెరుగుతుంది. ఇప్పుడు మెట్ల మీద మళ్లలేనంత అయింది. తల నాగసుధ ఒళ్లో, తోక మస్తాన్‌బీ ఒళ్లో పెట్టుకుని మూడంతస్తుల పొడుగునా పడుకుని ఉంది. ఈ పిల్ల చెవి నిమిరితే ఆ పిల్ల ఒళ్లో తోక కదులుతుంది. తాళాలు పట్టుకుని మేడం కూర్చునే ఉంది.

మీరు ఇది గుర్తుంచుకుని మీ తరవాతివాళ్లకు చెప్పండర్రా. బస్సు సంగతి కూడా చెప్పండి. ఎవరు జరిగారని అడిగితే మాత్రం, పాస్ అనండి.